స్లీవ్ సర్జరీ తర్వాత ఆరేళ్ళు: నా అనుభవం

బరువు తగ్గడానికి చేసే స్లీవ్ గ్యాస్ట్రెక్టమీ అనే ఆపరేషన్ నాకు జరిగి ఆరేళ్ళు దాటింది. ఆపరేషన్ రోజు నా బరువు 128 కిలోలు. ఏడాదిన్నరకి 84కి దిగాను. ఈ రోజు పొద్దున చూసుకుంటే 91. ఈ సర్జరీ గురించి చెప్పేవాళ్ళలో చాలామంది ఆ 84 దగ్గరే ఆగిపోతారు. మొదటి ఏడాదిలో ఎవరిని అడిగినా అద్భుతం అంటారు, అప్పట్లో నేనూ అదే అన్నాను. అందుకే ఇన్నేళ్ళు ఆగి రాస్తున్నాను.

ఈ ఆపరేషన్‌లో పొట్ట మీద నాలుగైదు చిన్న గాట్లు పెట్టి, కెమెరాతో చూస్తూ జీర్ణాశయంలో 75 నుంచి 80 శాతం దాకా తీసేస్తారు. మిగిలేది సన్నటి గొట్టం. తీసేసింది మళ్ళీ పెట్టలేరు, ఈ సంగతి సంతకం పెట్టేముందే బాగా ఆలోచించుకోవాలి. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోన్ ఎక్కువగా తయారయ్యేది ఆ తీసేసిన భాగంలోనే. అందుకే మొదటి నెలల్లో ఆకలి చచ్చిపోతుంది. చిన్నప్పటి నుంచి ఎప్పుడూ ఏదో ఒకటి తినాలనిపించే నాకు, మధ్యాహ్నం రెండు దాటాక "అరే, ఇంకా తినలేదే" అని గుర్తుకు రావడం ఎంత కొత్తగా ఉందో చెప్పలేను.

ఆపరేషన్‌కి ముందు రెండు వారాలు చాలా తక్కువ క్యాలరీల డైట్ పెట్టారు. కాలేయం చుట్టూ, లోపలా కొవ్వు తగ్గితేనే డాక్టర్లకు చోటు దొరుకుతుందట. నాకు ఆపరేషన్ కంటే ఈ రెండు వారాలే కష్టమయ్యాయి. ఆపరేషన్ అయ్యాక కుట్ల నొప్పి కన్నా భుజం నొప్పి బాధ పెట్టింది. పొట్టలోకి ఎక్కించిన గ్యాస్ వల్ల అలా వస్తుందని ముందే చెప్పుంటే అంత భయపడేదాన్ని కాదు. కాళ్ళలో రక్తం గడ్డకట్టకుండా ఆ సాయంత్రమే లేపి నడిపించారు. ఇంటికొచ్చాక జ్వరం, గుండె దడ, పెరుగుతున్న పొట్ట నొప్పి, ఈ మూడింటిలో ఏ ఒక్కటి వచ్చినా ఆలస్యం చేయకుండా హాస్పిటల్‌కి రమ్మన్నారు. కుట్టిన చోట లీకైతే మొదట కనిపించేవి ఇవేనట.

తర్వాతి నెల అంతా ద్రవాలు, ఆపైన మెత్తగా చేసినవి. నీళ్ళు కూడా గుటక గుటకగా తాగాల్సిందే. పొద్దున నింపిన సీసా మధ్యాహ్నానికి సగం కూడా అయ్యేది కాదు. ఆరో వారంలో, అప్పుడే గట్టి పదార్థాలు మొదలుపెట్టినప్పుడు, ఫోన్ మాట్లాడుతూ ఉడికించిన గుడ్డు ముక్క సరిగ్గా నమలకుండా మింగేశాను. అది ఛాతీ మధ్యలో ఇరుక్కుంది. కిందికి దిగదు, పైకి రాదు. నోటి నిండా నురగలా లాలాజలం ఊరింది. సింక్ పట్టుకుని ఇరవై నిమిషాలు నిలబడ్డాను. మా ఆయన గాభరాపడి నీళ్ళు తెచ్చారు, తాగితే ఇంకా బాధ పెరిగింది. ఆ రోజు నుంచి తినేటప్పుడు ఫోన్ పక్క గదిలో పెడతాను. తిన్న అరగంట దాకా నీళ్ళు ముట్టను.

నాలుగో నెలలో జుట్టు రాలడం మొదలైంది. దువ్వెన పెడితే చాలు కుచ్చులు కుచ్చులుగా వచ్చేది. స్నానం చేసి తలుపు వెనక కూర్చుని ఏడ్చిన రోజులున్నాయి. ఒంటికి ఒక్కసారిగా ఇంత మార్పు వస్తే వెంట్రుకలు విశ్రాంతి దశలోకి వెళ్ళి రాలతాయట. ప్రొటీన్ తగ్గినా ఇంకా రాలుతుంది. రోజుకి 60 గ్రాములకు తగ్గకుండా తీసుకోమన్నారు. అంత చిన్న పొట్టతో అది అందుకోవాలంటే ముందు ప్రొటీన్, తర్వాతే మిగతావన్నీ. ఏడాది తిరిగేసరికి జుట్టు మళ్ళీ వచ్చింది. పొట్ట మీదా చేతుల కిందా వదులైన చర్మం మాత్రం అలాగే ఉంది. వ్యాయామంతో అది పోదు.

ఇంకో మాట. మూడో వారంలో మొదలై తొమ్మిది రోజుల పాటు బరువు ఒక్క గ్రాము కూడా కదల్లేదు. ఎంత టెన్షన్ పడ్డానో! ఇది చాలామందికి వస్తుంది, దానంతటదే పోతుంది.

మంచి గురించి చెప్పకపోతే తప్పవుతుంది. నిద్రలో ఊపిరి ఆగకుండా రాత్రిళ్ళు మాస్క్ పెట్టుకునేదాన్ని, పదో నెలలో డాక్టర్ పరీక్ష చేసి ఇక అక్కర్లేదన్నారు. షుగర్ మందులు ఆగిపోయాయి. ఐదో ఏట ఒక చిన్న డోసు మళ్ళీ వచ్చింది, అయినా ముందు వాడినదాంట్లో అది పావు వంతు. ఓ సాయంత్రం కుర్చీలో కూర్చుని ఉంటే మా ఆయన నా వైపే చూస్తున్నారు. ఏంటండీ అంటే, "కాలు మీద కాలు వేసుకున్నావు" అన్నారు. చూసుకుంటే నిజమే. పెళ్ళయ్యాక నన్ను అలా చూడటం ఆయనకు అదే మొదటిసారి.

మూడో ఏట నేను పెద్ద తప్పు చేశాను. బాగానే ఉన్నాను కదా అని విటమిన్ మాత్రలు మానేశాను. కొన్ని నెలలకి అరికాళ్ళలో తిమ్మిరి, మెట్లెక్కితే ఆయాసం. రక్త పరీక్షలో బి12, ఐరన్ రెండూ బాగా పడిపోయి ఉన్నాయి. ఇంజెక్షన్లతో కోలుకోవడానికి చాలా కాలం పట్టింది. ఈ మాత్రలు జీవితాంతం వాడాల్సినవి. క్యాల్షియం, ఐరన్ కలిపి వేసుకోకూడదు, మధ్యలో రెండు గంటలు ఉండాలి.

ఛాతీలో మంట కూడా స్లీవ్ తర్వాతే మొదలైంది. తలవైపు ఎత్తు పెట్టుకుని పడుకుంటాను, రోజూ మాత్ర వేసుకుంటాను. మీకు ముందు నుంచే ఎసిడిటీ గట్టిగా ఉంటే స్లీవ్‌కి ఒప్పుకునేముందు గ్యాస్ట్రిక్ బైపాస్ గురించి (బరువు తగ్గడానికే చేసే ఇంకో రకం ఆపరేషన్, గుండె బైపాస్ కాదు) తప్పకుండా అడగండి. నేను అడగలేదు, ఇప్పటికీ బాధపడుతున్నాను.

ఇక ఆ పెరిగిన ఏడు కిలోలు. రెండో ఏడాది తర్వాత ఆకలి మెల్లగా తిరిగొచ్చింది. చిన్న పొట్ట భోజనాన్ని ఆపుతుంది గానీ, రోజంతా కొంచెం కొంచెంగా నోట్లో వేసుకునే చిరుతిళ్ళనీ తీపి పానీయాలనీ ఆపదు. అవి జారిపోతాయి. నా విషయంలో జరిగింది అదే. మా అమ్మ పోయిన ఏడాది నేను తిన్నది ఆకలికి కాదు. అప్పుడే కౌన్సెలింగ్‌కి వెళ్ళాను, సర్జరీకి ముందే వెళ్ళుంటే బాగుండేది. పెరగడం ఆగి ఏడాదవుతోంది.

మళ్ళీ చేయించుకుంటావా అంటే చేయించుకుంటాను, కాకపోతే బైపాస్ సంగతి తేల్చుకున్నాకే. ఏడాదికోసారి చేయించే రక్త పరీక్ష వచ్చే వారం ఉంది. ఈసారి బి12 ఎంత వస్తుందోనని బరువు కన్నా దాని కోసమే ఎదురుచూస్తున్నాను.