బ్లాక్ గ్రాంటా, ఓపియాయిడ్ గ్రాంటా: రాష్ట్రానికి ఏది మేలు?

అమెరికాలో పబ్లిక్ హెల్త్ చదివి రాష్ట్ర ఆరోగ్య శాఖల్లో చేరిన మనవాళ్లు పదేపదే అడిగే ప్రశ్న ఇది. వ్యసనాల చికిత్సకు, నివారణకు సామ్సా (వ్యసనాలు, మానసిక ఆరోగ్యం చూసే అమెరికా కేంద్ర ప్రభుత్వ సంస్థ, SAMHSA) ఇచ్చే డబ్బులో దేన్ని నమ్ముకోవాలి? వ్యసనాల పనికి ఏటా రాష్ట్రాలకు మొత్తంగా ఇచ్చే ఏళ్ల నాటి బ్లాక్ గ్రాంట్‌నా, ఓపియాయిడ్ల (హెరాయిన్, ఫెంటానిల్ లాంటి మత్తుమందుల) సమస్య కోసం 2018లో మొదలైన స్టేట్ ఓపియాయిడ్ రెస్పాన్స్‌నా (ఎస్‌ఓఆర్)? రాష్ట్రాలు రెండింటికీ దరఖాస్తు చేస్తాయి, అందులో పేచీ లేదు. ఏళ్ల తరబడి నడవాల్సిన పనిని ఏ డబ్బు మీద నిలబెట్టాలన్నదే తేల్చుకోవాలి.

దరఖాస్తు పని మాత్రమే చూస్తే ఎస్‌ఓఆర్ తేలిక అనిపిస్తుంది. ప్రకటన వస్తుంది, ప్రాజెక్టు వివరణ, బడ్జెట్ రాసి పంపుతాం. రాష్ట్రాల వాటా ఎలాగూ సూత్రం ప్రకారమే తేలుతుంది. అసలు కష్టం తర్వాత మొదలవుతుంది. చికిత్సలో చేరిన ప్రతి మనిషినీ చేరినప్పుడు ఒకసారి, 6 నెలలకు ఒకసారి, ముగిశాక మరోసారి ప్రశ్నలు అడిగి నమోదు చేయాలి. ఫోన్ నంబరు మార్చేసి, ఇల్లు ఖాళీ చేసిన మనిషిని 6 నెలల తర్వాత వెతికి పట్టుకోవడం ఎంత టెన్షనో చేసినవాళ్లకే తెలుసు. పైగా ఆ డబ్బు ఓపియాయిడ్లకు, కొకైన్, మెథాంఫెటమైన్ లాంటి ఉత్తేజక మత్తుమందులకు సంబంధించిన పనికి మాత్రమే. తాగుడు ఒక్కటే సమస్యగా వచ్చినవాళ్లకు అందులోంచి చికిత్స ఇవ్వలేం.

బ్లాక్ గ్రాంట్‌కు ఆ హద్దు లేదు. రెండేళ్ల ప్రణాళికను అక్టోబర్ 1 లోగా, నివేదికను డిసెంబర్ 1 లోగా ఇవ్వాలి. షరతులు మాత్రం చాంతాడంత. కనీసం 20 శాతం నివారణకే ఖర్చు పెట్టాలి. చేర్చుకునేటప్పుడు గర్భిణులకు మొదటి ప్రాధాన్యం. ఇంజెక్షన్ ద్వారా మాదకద్రవ్యాలు తీసుకునేవారిని 14 రోజుల్లో చేర్చుకోవాలి. చోటు లేకపోతే 48 గంటల్లో తాత్కాలిక సేవలు మొదలుపెట్టి, 120 రోజుల్లో చేర్చాలి. 21 ఏళ్లలోపు వాళ్లకు పొగాకు అమ్మకుండా దుకాణాల్లో తనిఖీలు చేయించే సైనార్ బాధ్యత కూడా దీనితోనే వస్తుంది.

అందరూ భయపడేది బ్లాక్ గ్రాంట్‌లోని మెయింటెనెన్స్ ఆఫ్ ఎఫర్ట్ (సొంత ఖర్చు తగ్గించకూడదన్న) షరతుకు. నా ఓటు బ్లాక్ గ్రాంట్‌కు పడేది సరిగ్గా దానివల్లే. రాష్ట్రం తన సొంత ఖజానా నుంచి ఈ పనికి పెట్టే ఖర్చు, గత రెండేళ్ల సగటుకు తగ్గకూడదు. ఉదాహరణకు ఒక ఏడు 4 కోట్ల డాలర్లు, మరుసటి ఏడు 5 కోట్లు పెట్టారనుకోండి. మూడో ఏడు కనీసం నాలుగున్నర కోట్లు పెట్టాలి. 4 కోట్ల 20 లక్షలతో సరిపెడితే, తగ్గిన ఆ 30 లక్షల మేరకు తర్వాతి గ్రాంట్‌లో కోత పడవచ్చు. తీవ్రమైన ఆర్థిక సంక్షోభంలో మినహాయింపు అడగొచ్చుగానీ, దాన్ని రుజువు చేసుకోవాలి.

రాష్ట్ర బడ్జెట్ బిగిసిన ఏడాది మొదట కోత పడేది ఇలాంటి శాఖలకే. అప్పుడు చట్టసభ కమిటీ ముందు కూర్చున్న అధికారి, "మీరు ఇక్కడ తగ్గిస్తే వాషింగ్టన్ అక్కడ తగ్గిస్తుంది" అని లెక్క చూపించగలడు. తాగుబోతులకు, మత్తుకు బానిసలైనవాళ్లకు ఎందుకింత ఖర్చు అని గొణిగే సభ్యుడు కూడా ఆ లెక్క ముందు ఆగుతాడు. ఎస్‌ఓఆర్‌లో ఇలాంటి కట్టుబాటు లేదు. ఆ డబ్బు వస్తోంది కదా అని రాష్ట్రం మెల్లగా తన చెయ్యి వెనక్కి లాక్కున్నా, ఇంత పైకం తగ్గిందని కోత వేసే లెక్క అందులో లేదు.

బ్లాక్ గ్రాంట్ అన్న పేరుంటే చాలు, డబ్బు పదిలం అనుకోకండి. కోవిడ్ కాలంలో దాని కిందే అదనంగా ఇచ్చిన నిధులను 2025 మార్చిలో హఠాత్తుగా ఆపేస్తే, రాష్ట్రాలు కోర్టుకెక్కాయి. ఏటా వచ్చే మూల వాటాను, మధ్యలో వచ్చి చేరిన అదనాన్ని ఒకే గాటన కట్టకూడదు.

ఓపియాయిడ్ ఓవర్‌డోస్‌కు విరుగుడైన నలోక్సోన్ కొనడానికి, కొత్త పద్ధతిని రెండు జిల్లాల్లో పరీక్షించి చూడటానికి ఎస్‌ఓఆర్ బాగుంటుంది. ఓవర్‌డోస్ మరణాలు ఎక్కువున్న రాష్ట్రాలకు అందులో 15 శాతం విడిగా ఉంచుతారు కాబట్టి, అలాంటిచోట దాని బరువు ఇంకాస్త ఎక్కువ. కౌన్సెలర్ల జీతాలు మాత్రం దాని మీద పెట్టొద్దు.

నివారణకు పార్ట్‌నర్‌షిప్స్ ఫర్ సక్సెస్ అనే పోటీ గ్రాంట్ ఉంది. చిన్నది, వస్తే మంచిదే. మెడికెయిడ్ (తక్కువ ఆదాయం ఉన్నవాళ్ల ప్రభుత్వ ఆరోగ్య బీమా) నిబంధనల నుంచి రాష్ట్రాలకు సడలింపు ఇచ్చే 1115 వేవర్ గురించి కూడా అడుగుతున్నారు. అది గ్రాంటే కాదు, మెడికెయిడ్ విభాగంవాళ్లను అడగండి.