ద్వారకానగర్‌లో ఆరు ఆదివారాల క్యాండిల్ క్లాసు: 6,500 ఫీజుకి ఏం వచ్చింది, ఏం రాలేదు

ఇది విశాఖ ద్వారకానగర్‌లో, డాలరు లాంటి కరెన్సీల రేట్ల చార్టు చదవడం నేర్పే క్లాసు గురించి. ముందే చెప్పేస్తున్నాను, ఇన్‌స్టిట్యూట్ పేరు రాయడం లేదు. ద్వారకానగర్‌లో బ్యాంకు కోచింగులకీ కంప్యూటర్ కోర్సులకీ మధ్య ఇలాంటి బోర్డులు ఇంకా ఉన్నాయి, మీరు ఏ మెట్లు ఎక్కినా ఈ రివ్యూ పనికొస్తుందనే రాస్తున్నాను. మాది మూడో అంతస్తు, కింద సెల్‌ఫోన్ కవర్లు అమ్మే షాపు. లిఫ్టుకి ‘రిపేరు’ అని కాగితం అంటించి ఉంది. ఆరు వారాలూ అలాగే ఉంది.

నేను రొయ్యలు ఎగుమతి చేసే కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. పోర్టు నుంచి కంటైనర్ కదిలిన రోజు మొదలు, అమెరికా బయ్యరు డబ్బు పంపే రోజు దాకా డాలరు ఎటు పోతుందో అని మా ఎండీ గారికి ఒకటే టెన్షన్. రెండు లక్షల డాలర్ల బిల్లు మీద పది పైసలు తగ్గితే ఇరవై వేలు పోయినట్టే. బ్యాంకుకి ఫోన్ చేసి ఫార్వర్డ్ రేటు, అంటే ముందు తేదీకి ఇప్పుడే ఖాయం చేసుకునే రేటు, అడిగేది నేను. ఒకరోజు అవతలి కుర్రాడు ‘డైలీ చార్టులో షూటింగ్ స్టార్ పడింది మేడమ్, ఇవాళే బుక్ చేసేయండి’ అన్నాడు. నాకు తెలిసిన షూటింగులు బీచ్ రోడ్డులో జరిగేవే. ఫోన్ పెట్టేశాక సిగ్గనిపించి, ఈ క్లాసులో చేరాను. ఆదివారం పొద్దున పది నుంచి ఒంటిగంట దాకా. ఇరవై మంది ఉంటాం, ఆడవాళ్లం ఇద్దరమే.

మొదటి రెండు వారాలకి మాత్రం పూర్తి మార్కులు ఇస్తాను. సార్ ప్రొజెక్టర్ ఆన్ చేయలేదు, అందరికీ గ్రాఫ్ కాగితాలు పంచారు. క్యాండిల్ అంటే ఒక రోజు రేటు ఎలా కదిలిందో చూపే కొవ్వొత్తి లాంటి బొమ్మ. బోర్డు మీద ఒక రోజు డాలరు రేటువి నాలుగు అంకెలు, అంటే మొదలైన రేటు, ఎక్కువ, తక్కువ, ముగిసిన రేటు, రాశారు: ఓపెన్ 83.20, హై 83.31, లో 83.02, క్లోజ్ 83.27. గీయండి అన్నారు. ఓపెన్‌కీ క్లోజ్‌కీ మధ్య లావుపాటి డబ్బా, అదే బాడీ, ఏడు పైసలు. దాని పైకీ కిందికీ పోయే సన్నగీతలు తోకలు: పైన తోక నాలుగు పైసలు, కింద తోక పద్దెనిమిది. చేత్తో గీస్తే తప్ప ఆ తోక ఎంత పొడుగో తెలియదు. బాడీకి రెండింతలు దాటింది కదా, దీన్నే హ్యామర్ అంటారు అన్నారు సార్. రేటుని అమ్మేవాళ్లు 83.02 దాకా తోసేశారు, సాయంత్రానికి కొనేవాళ్లు మళ్లీ పైకి లాక్కొచ్చారు. ఫిషింగ్ హార్బర్‌లో పొద్దున్నే వంజరం చేపల వేలంపాట చూసినవాళ్లకి ఇందులో కొత్తేమీ లేదు. పడిపోతున్న పాట ఎక్కడో ఒకచోట ఆగి, ఉన్నట్టుండి నలుగురు పెంచడం మొదలుపెడతారే, అదే.

తర్వాత అదే బొమ్మని చార్టు పైభాగంలో, బాగా పెరిగిన రేటు మీద గీశారు. ఇప్పుడు దాని పేరు హ్యాంగింగ్ మ్యాన్, రేటు ఇక పడొచ్చని గుర్తు. ‘కింద పడితే సుత్తి, పైన పడితే ఉరితాడు. బొమ్మని కాదు, అది ఎక్కడ పడిందో చూడండి’ అన్నారు. ఈ ఒక్క మాటకే నా ఫీజులో సగం గిట్టుబాటు అయిందనుకుంటాను. హరామీ అనే ప్యాటర్న్ పేరు చెప్పగానే వెనక బెంచీ కుర్రాళ్లు నవ్వారు. జపాన్ భాషలో గర్భిణి అని అర్థమట. పెద్ద క్యాండిల్ కడుపులో చిన్న క్యాండిల్ ఉంటుంది కాబట్టి ఆ పేరు. 18వ శతాబ్దంలో సకాటా ఊరి బియ్యం వ్యాపారి హొమ్మా మునెహిసా, ఒసాకాలోని డోజిమా బియ్యం మార్కెట్టు గురించి కూడా చెప్పారు. ఈ కొవ్వొత్తుల్ని హొమ్మాయే గీశాడని చెప్పుకోవడం ఆనవాయితీలెండి.

మూడో వారం నుంచి ప్రొజెక్టర్ వెలిగింది, పాఠం జారింది.

ఇచ్చిన మెటీరియల్ అంతా షేర్ మార్కెట్ పుస్తకాల బొమ్మలే. ఎర్ర క్యాండిల్ అంటే రేటు పడిన రోజు, ఆకుపచ్చది అంటే పెరిగిన రోజు. వాటిలో మార్నింగ్ స్టార్, అంటే పతనం ఆగి రేటు పైకి తిరుగుతుందనే గుర్తు, ఇలా ఉంటుంది: పెద్ద ఎర్ర క్యాండిల్, దాని కింద ఖాళీ వదిలి ఒక చిన్న క్యాండిల్, మళ్లీ పైకి పెద్ద ఆకుపచ్చ క్యాండిల్. షేర్లు రాత్రంతా మూసి ఉంటాయి కాబట్టి పొద్దున్నే ఖాళీ వస్తుంది. యూరో-డాలరు లాంటి కరెన్సీ జంటలు సోమవారం నుంచి శుక్రవారం దాకా రాత్రీ పగలూ ఆగవు. నిన్నటి క్యాండిల్ ఎక్కడ ముగిసిందో ఇవాళ్టిది దాదాపు అక్కడే మొదలవుతుంది. ఖాళీ ఎక్కడి నుంచి వస్తుంది? కరెన్సీల క్లాసు అని బోర్డు పెట్టి ఈ తేడా చెప్పకపోతే ఎలా? నేనే అడిగితే ‘ఫారెక్స్‌లో కాస్త సర్దుకోవాలమ్మా’ అన్నారు. చీర ఫాల్సు సర్దుకున్నట్టు.

నాలుగో వారం జరిగింది మాత్రం చెప్పి తీరాలి. సార్ తెర మీద యూరో-డాలరు డైలీ చార్టు వేసి, ‘చూడండి, పాఠ్యపుస్తకం లాంటి మార్నింగ్ స్టార్’ అని లేజర్‌తో చూపించారు. శుక్రవారం ఎర్రది, మధ్యలో చీమంత క్యాండిల్, సోమవారం ఆకుపచ్చది. నా పక్కన గాజువాకలో వెల్డింగ్ షాపు నడిపే కుర్రాడు కూర్చుంటాడు. తన ఫోన్ నా వైపు తిప్పి, ‘నా ఫోన్‌లో నక్షత్రం ఏదక్కా?’ అన్నాడు. నిజంగానే లేదు. అవే తేదీలు, అదే యూరో, కానీ ఎర్రది, పక్కనే ఆకుపచ్చది, అంతే. ఇద్దరం తలలు దగ్గరపెట్టి తేదీలు ఒక్కొక్కటే నొక్కి చూశాం. సార్ చార్టులో ఆ చిన్న క్యాండిల్ మీద ఆదివారం తేదీ ఉంది!

సంగతేమిటంటే, కరెన్సీ మార్కెట్టుకి వారం మొదలయ్యేది న్యూయార్క్‌లో ఆదివారం సాయంత్రం ఐదింటికి. వేసవిలో మనకి సోమవారం తెల్లవారుజాము రెండున్నర, చలికాలంలో మూడున్నర. కొన్ని ప్లాట్‌ఫారాలు రోజుని అక్కడి నుంచే లెక్కపెడతాయి, కాబట్టి వారానికి ఐదు క్యాండిల్స్. కొన్ని గ్రీన్‌విచ్ అర్ధరాత్రికి రోజు మారుస్తాయి. అప్పుడు వేసవిలో ఆదివారం పేరుతో మూడు గంటల పొట్టి క్యాండిల్ ఒకటి పుట్టుకొస్తుంది. సార్ చూపించిన నక్షత్రం ఆ మూడు గంటల ముక్క. జనం అమ్మడం ఆపి తటపటాయించిందీ లేదు, ఏమీ లేదు, గడియారం తేడా. వెల్డింగ్ కుర్రాడు లేచి ఇదే అడిగాడు. సార్ రెండు నిమిషాలు తెరవైపు చూసి, ‘న్యూయార్క్ క్లోజ్ చార్టు వాడండి’ అని స్లయిడ్ మార్చేశారు. సలహా సరైనదే. మొదటి వారమే చెప్పాల్సింది.

ఇంకో విషయం పాఠంలో లేదు, ఆఫీసులో నేర్చుకున్నాను. మామూలుగా నెలలో మొదటి శుక్రవారం అమెరికా ఉద్యోగాల లెక్కలు వస్తాయి, మనకి వేసవిలో సాయంత్రం ఆరింటికి. ఆ రోజు వేడి బజ్జీలు తెప్పించుకుని ఐదు నిమిషాలకో క్యాండిల్ పడే చార్టు ముందు కూర్చున్నాను. ఆరుకి ఐదు నిమిషాల ముందు క్లాసులో గీసినట్టే చక్కటి బుల్లిష్ ఎంగల్ఫింగ్ పడింది, అంటే ముందున్న ఎర్రదాన్ని కప్పేసే పెద్ద ఆకుపచ్చది, రేటు పెరుగుతుందనే గుర్తు. నోటుబుక్కులో ‘యూరో పైకి’ అని రాసుకున్నాను. ఆరు కొట్టగానే వచ్చిన ఒక్క ఎర్ర క్యాండిల్ అంతకుముందు గంటన్నర చార్టుని మింగేసింది. బజ్జీ చల్లారిపోయింది. డబ్బులు పెట్టలేదు కాబట్టి నవ్వుకున్నాను.

మన రూపాయి దగ్గర ఇంకో తిరకాసు. నేషనల్ స్టాక్ ఎక్స్‌ఛేంజీలో (ఎన్‌ఎస్‌ఈ) డాలరు-రూపాయి ఫ్యూచర్స్, అంటే ముందు తేదీకి ఇప్పుడే రేటు కుదుర్చుకునే కాంట్రాక్టులు, పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఐదు దాకా నడుస్తాయి, లాటుకి వెయ్యి డాలర్లు. రాత్రి మూసి ఉంటుంది కాబట్టి అక్కడ ఖాళీలు వస్తాయి, పుస్తకం బొమ్మలు కాస్త కుదురుతాయి. కానీ డాలరు మరీ పరిగెడితే రిజర్వ్ బ్యాంకు డాలర్లు అమ్మిస్తుంది. అప్పుడు పడే పొడుగాటి పైతోక జనం మనసు కాదు, ఒక పెద్ద చెయ్యి. రెండూ చార్టులో ఒకేలా కనిపిస్తాయి.

అసలు మా క్లాసులో ఆ ఫ్యూచర్స్ ఎవరు కొనగలరు? 2024 మే 3 నుంచి, రూపాయి ఉన్న కరెన్సీ కాంట్రాక్టులు ఎక్స్‌ఛేంజీలో తీసుకోవాలంటే మనకి నిజంగా విదేశీ మారకపు లావాదేవీ ఉండాలని రిజర్వ్ బ్యాంకు గట్టిగా చెప్పింది. పది కోట్ల డాలర్ల లోపు అయితే కాగితాలు చూపించక్కర్లేదు, లావాదేవీ మాత్రం ఉండాల్సిందే. మా కంపెనీకి రొయ్యల బిల్లులున్నాయి. వెల్డింగ్ షాపుకి ఏముంది? ఆరు వారాల్లో ఈ మాట ఒక్కసారి కూడా రాలేదు.

ఎందుకు రాలేదో ఆరో వారం తెలిసింది. ఆ రోజు సార్ తొందరగా ముగించి వెళ్లిపోయారు. టై కట్టుకున్న ఇంకొకాయన వచ్చి ఒక విదేశీ యాప్ డౌన్‌లోడ్ చేయించడం మొదలుపెట్టాడు. డబ్బు యూపీఐలో ఎవరో వ్యక్తి ఖాతాకి పంపాలట, యాప్‌లో డాలర్లుగా కనిపిస్తాయట. నేను అక్కడే కూర్చుని రిజర్వ్ బ్యాంకు వెబ్‌సైట్‌లో అలర్ట్ లిస్టు తెరిచాను. అనుమతి లేని ఫారెక్స్ ప్లాట్‌ఫారాల పేర్లు ఉండే జాబితా అది, 2022 సెప్టెంబర్‌లో 34 పేర్లతో మొదలైంది. మాకు చూపిస్తున్న యాప్ అందులో ఉంది. జాబితాలో లేనంత మాత్రాన అనుమతి ఉన్నట్టు కాదు, అది వేరే మాట. ‘ఇది చూడండి’ అని ఫోన్ చూపిస్తే, ‘అది పాత లిస్టు మేడమ్’ అన్నాడాయన. పక్కకి తిరిగి చూస్తే మా వెల్డింగ్ తమ్ముడి మొహం పాలిపోయి ఉంది. ముందు వారమే ఆ యాప్‌లో పదిహేను వేలు వేశాడట. స్క్రీన్ మీద లాభం కనిపిస్తోంది, తీసుకుందామంటే మూడు రోజులుగా ‘పెండింగ్’. మెట్ల మీదే నిలబడి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించాను. ఫిర్యాదు నంబరు వచ్చింది, డబ్బు ఇంకా రాలేదు.

ఫీజు తిరిగివ్వమని అడిగాను, ఇవ్వలేదు. ఇలాంటి చోట చేరేవాళ్లు రెండు వారాల ఫీజే కడతామని అడిగి చూడండి. గ్రాఫ్ కాగితం పాఠం నిజంగా బాగుంటుంది. యాప్ మాట రాగానే చెప్పులు వేసుకోండి. టీ బాగుంటుంది, అల్లం బాగా దంచి వేస్తారు.

ఎండీ గారు ఏం నేర్చుకున్నావమ్మా అని అడిగితే గ్రాఫ్ కాగితం చూపించాను. ఫార్వర్డ్ మాత్రం బిల్లు తేదీ చూసే బుక్ చేస్తున్నాం, తోక చూసి కాదు. వెల్డింగ్ తమ్ముడు ఇప్పుడు రూపాయి పెట్టకుండా నోటుబుక్కులోనే రాస్తున్నాడు. మొన్న తెల్లవారుజామున రెండు ముప్పై రెండుకి ఫోన్ మోగితే ఉలిక్కిపడి లేచాను. వాట్సాప్‌లో చార్టు ఫొటో, కింద ‘అక్కా, న్యూయార్క్ క్లోజ్ అయింది, ఇది హ్యామరేనా?’ అని.