నెల్లూరు, ఒంగోలు లోక్ అదాలత్ సేవలు: ఏ కేసుకి మంచిది, ఎక్కడ మునుగుతారు

చెక్కు బౌన్సు, బ్యాంకు బాకీ, అన్నదమ్ముల మధ్య చిన్న గట్టు తగాదా లాంటి వాటికి, ఇరుపక్షాల రాజీతో కేసు ముగించే లోక్ అదాలత్‌ని మించిన దారి లేదు. అదే రోడ్డు ప్రమాదంలో మనిషిని పోగొట్టుకున్న కుటుంబమైతే, ఎంత రావాలో లెక్క కట్టుకోకుండా వెళ్తే లక్షల్లో నష్టపోతుంది. తేడా రాజీ కుదిర్చే బెంచీ మంచిచెడ్డల్లో లేదు. ఎదురుగా కూర్చున్న ఇన్సూరెన్స్ కంపెనీవాడి చేతిలో ఎంత ఇవ్వొచ్చన్న అంకె ఉంటుంది, మన చేతిలో ఉండదు. అంతే.

జాతీయ లోక్ అదాలత్ మూణ్ణెల్లకోసారి, మామూలుగా రెండో శనివారం పెడతారు. నెల్లూరు, ఒంగోలు జిల్లా కోర్టుల్లోనూ, కావలి, మార్కాపురం లాంటి ఊళ్ల కోర్టుల్లోనూ ఆ రోజు బెంచీలు వేస్తారు. ఫీజు లేదు. సివిల్ దావాలో ముందు కట్టిన కోర్టు ఫీజు కూడా రాజీ కుదిరితే వెనక్కి వస్తుంది. అవార్డు (రాజీ షరతులు రాసిన ఉత్తర్వు) నకలు ఉచితం. డబ్బు సంగతిలో వంక పెట్టడానికేమీ లేదు.

బెంచీ మీద మామూలుగా ఒక న్యాయాధికారి, ఒక ప్లీడరు, ఒక సామాజిక కార్యకర్త ఉంటారు. మన దేశంలో జ్యూరీ, అంటే మామూలు పౌరులు కూర్చుని తీర్పు చెప్పే పద్ధతి, ఎప్పుడో పోయింది. 1959 నాటి నానావతి హత్య కేసులో బొంబాయి జ్యూరీ 8-1తో నిర్దోషి అనడం, సెషన్స్ జడ్జి దాన్ని ఒప్పుకోక హైకోర్టుకి పంపడం చాలామంది విన్నదే. 1973 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో జ్యూరీకి చోటే ఇవ్వలేదు. కాబట్టి జడ్జి పక్కన మామూలు మనిషి కూర్చునే కొద్ది చోట్లలో ఇదొకటి. కానీ జ్యూరీ తీర్పు చెప్పేది, ఈ బెంచీ చెప్పదు, చెప్పకూడదు. పంజాబ్ నుంచి వెళ్లిన ఒక ప్రమాద కేసులో లోక్ అదాలత్ తనంతట తానే పరిహారం పెంచితే, 2008లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. రాజీ చేయడం వరకే దాని పని అని తేల్చి చెప్పింది. అందుకే బెంచీ మీద పెద్దాయన "ఇంతకంటే రాదమ్మా, సంతకం పెట్టు" అంటే అది సలహా మాత్రమే. కాదనే హక్కు మీది. కాదన్నారని కేసు పాడైపోదు, ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే కోర్టులో మళ్లీ నడుస్తుంది.

అయినా ఇక్కడ పక్షపాతం ఉంటుంది అంటే ఎవరో లంచం తీసుకున్నారని కాదు. ఇన్సూరెన్స్ కంపెనీ తరఫు ప్లీడరు ప్రతి లోక్ అదాలత్‌కీ వస్తాడు, బెంచీ మీదున్నవాళ్లకి తెలిసిన మనిషి, పదుల ఫైళ్లు ఒకేసారి తెస్తాడు. ఒక్కో ఫైలు మీద కంపెనీ ఇంత వరకు ఇవ్వొచ్చని ముందే రాసిచ్చి ఉంటుంది. చీమకుర్తి క్వారీలో కూలికి పోయే మనిషి భార్య మాత్రం జీవితంలో ఒక్కసారే వస్తుంది. పరిష్కరించిన కేసుల సంఖ్య పెరగాలన్న తొందర అందరికీ ఉంటుంది, ఆమెకు తప్ప. ఎవరూ తప్పు చేయకుండానే తూకం ఒకవైపు మొగ్గుతుంది.

దీనికి మందు కాగితం మీద లెక్క. హైవే ప్రమాదాల ఎంవీఓపీ (పరిహారం కోసం వేసే పిటిషన్) కేసుల్లో లెక్క కట్టే పద్ధతి సుప్రీంకోర్టు 2009 నాటి సరళా వర్మ, 2017 నాటి ప్రణయ్ సేఠీ తీర్పుల్లో ఉంది. ఒక ఉదాహరణ చూడండి. చనిపోయిన మనిషికి 34 ఏళ్లు, నెలకి 15,000 కూలి, ఇంట్లో భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి. పర్మినెంటు ఉద్యోగం కాదు, వయసు 40 లోపు కాబట్టి భవిష్యత్తు పెరుగుదల కింద 40 శాతం కలపాలి: 21,000. ఆధారపడినవాళ్లు నలుగురు కాబట్టి సొంత ఖర్చు కింద నాలుగో వంతు తీసేస్తే 15,750. ఏడాదికి 1,89,000. 31 నుంచి 35 ఏళ్ల వాళ్లకి గుణకం (ఏడాది మొత్తాన్ని ఎన్నింతలు చేయాలన్న అంకె) 16. మొత్తం 30,24,000. దీనికి తోడు సాహచర్య నష్టం (మనిషి తోడు పోయినందుకు) 40,000, అంత్యక్రియలకు 15,000, ఎస్టేటు నష్టానికి (చనిపోయినవాడు కూడబెట్టబోయేది పోయినందుకు) 15,000 అని ప్రణయ్ సేఠీ తీర్పు చెప్పి, మూడేళ్లకోసారి 10 శాతం పెంచమంది. సాహచర్య నష్టం భార్యకే కాదు, పిల్లలకి, తల్లికి కూడా ఇవ్వాలని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. రెండు పెంపులు కలిపితే 48,400 చొప్పున నలుగురికి 1,93,600, మిగతా రెండిటికీ కలిపి 36,300. అన్నీ కలిపి 32,53,900.

ఇక్కడే అందరూ పొరబడతారు. కంపెనీ ఆఫర్‌ని ఈ 32 లక్షలతో పోల్చి చూస్తారు, వడ్డీని మరిచిపోతారు. ట్రిబ్యునల్ (ప్రమాద పరిహారం కేసులు విచారించే కోర్టు) మామూలుగా పిటిషన్ వేసిన తేదీ నుంచి వడ్డీ వేస్తుంది. రేటు కేసుని బట్టి మారుతుంది, ఏడున్నర శాతం అనుకుంటే నాలుగేళ్లకి 9,76,170. అంటే ఆఫర్‌ని పోల్చి చూడాల్సింది 42 లక్షల పైచిలుకుతో. లోక్ అదాలత్‌లో చెప్పే "మొత్తం 26 లక్షలు" అన్న మాటలో వడ్డీ కూడా కలిసే ఉంటుంది, ఎవరూ విడదీసి చెప్పరు. అప్పీలు భయం, ఏళ్ల తరబడి వాయిదాలు తప్పుతాయి కాబట్టి పది పదిహేను శాతం తగ్గినా తీసుకోవచ్చు. నలభై శాతం తగ్గితే మాత్రం ఫైలు కోర్టుకి పంపించేయమనడమే మేలు. ప్రమాదంలో చనిపోయినవాడి తప్పూ కొంత ఉందనో, కూలికి రుజువు లేదనో కంపెనీ వాదిస్తే ఈ లెక్క తగ్గుతుంది. అందుకే మేస్త్రీ రాసిచ్చిన కాగితం, బ్యాంకు పాసుబుక్కులో కూలి పడిన పేజీలు, ఉపాధి హామీ జాబ్ కార్డు ముందే జిరాక్స్ తీసి దగ్గర పెట్టుకోవాలి.

అవార్డు మీద సంతకం పెట్టే ముందు కనీసం పది నిమిషాలు ఆగండి. తెలుగులో రాయమని అడగొచ్చు, నిబంధనల్లో ఆ వీలుంది. ఎవరికి ఎంత వాటా, ఏ తేదీలోగా జమ, ఆలస్యమైతే ఎంత వడ్డీ అన్న మూడూ అందులో లేకపోతే రాయించండి. "త్వరలో చెల్లిస్తారు" అన్న మాట పనికిరాదు. అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం. డబ్బు రాకపోతే ఈపీ (డిక్రీ అమలు చేయమనే పిటిషన్) వేసి వసూలు చేసుకోవచ్చు, కానీ గడువు రాసి లేకపోతే ఈపీలోనూ కొట్లాటే. మైనరు పిల్లల వాటా ఉంటే కోర్టు అనుమతి కావాలి, ఆ డబ్బు మామూలుగా బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయిస్తారు. ఇది మరిచిపోయిన ఫైళ్లు రాజీ కుదిరాక కూడా నెలల తరబడి నానుతాయి.

ఎందుకింత జాగ్రత్త అంటే, దీని మీద అప్పీలు లేదు. మోసం జరిగిందన్నా వేరే దావా వేయడానికి వీల్లేదని, హైకోర్టులో రిట్ (రాజ్యాంగం కింద నేరుగా వేసే పిటిషన్) ఒక్కటే దారని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది. బయట ఎవరో మధ్యవర్తి కూర్చోబెట్టి కుదిర్చిన రాజీని తెచ్చి బెంచీ ముందు ముద్ర వేయించడమూ పద్ధతి కాదు. తన ముందు కుదిరినదానికే బెంచీ సంతకం పెట్టాలని 2009 నాటి లోక్ అదాలత్ నిబంధనలు చెబుతున్నాయి. బెంచీ మీద ప్లీడరుకి అవతలి కంపెనీతో సంబంధం ఉందని తెలిస్తే, వేరే బెంచీ ముందు పెట్టమని జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శికి ముందే తెల్లకాగితం మీద రాసివ్వండి. ఆ రోజు హాల్లో గొడవ పడితే లాభం ఉండదు.

పేరు దగ్గరగా ఉంటుంది గానీ శాశ్వత లోక్ అదాలత్ దారి వేరు. కరెంటు, నీళ్లు, ఆసుపత్రి, ఇన్సూరెన్స్, పోస్టాఫీసు లాంటి సేవల మీద, కోటి రూపాయల లోపు తగాదాలకి, కోర్టుకి వెళ్లకముందే పిటిషన్ వేయొచ్చు. ఇక్కడ రాజీ కుదరకపోతే బెంచీయే తీర్పు ఇస్తుంది. బిల్లు తగాదాకి ఇదే బెస్టు, దీని గురించి తెలిసినవాళ్లే తక్కువ. మీ కేసు ఏ శాశ్వత లోక్ అదాలత్ పరిధిలోకి వస్తుందో జిల్లా కోర్టులోని న్యాయ సేవాధికార సంస్థ ఫ్రంట్ ఆఫీసులో అడగండి.

ప్లీడరుని పెట్టుకునే స్తోమత లేకపోతే, ఆడవాళ్లకి, ఎస్సీ ఎస్టీలకి, వికలాంగులకి, ఇంకొన్ని వర్గాలవాళ్లకి ఆదాయంతో పనిలేకుండా ఉచిత ప్లీడరుని ఇస్తారు. మిగతావాళ్లకి ఏడాది ఆదాయం మూడు లక్షల లోపు ఉండాలి. న్యాయ సేవల హెల్ప్‌లైన్ 15100కి ఫోన్ చేసినా చాలు, దరఖాస్తు మీద ఏడు రోజుల్లో తేల్చాలి. ప్లీడరు వాయిదాలకి రాకపోతే మార్చమని అడగండి, కారణం రాసిస్తే మారుస్తారు. లోక్ అదాలత్ తేదీకి కనీసం నెల ముందు ఈ పని పెట్టుకుంటే, పైన చెప్పిన లెక్క ఆయన చేతే వేయించుకుని బెంచీ ముందు కూర్చోవచ్చు.