తిరుపతి అవ్వాతాతలకు డిస్నీల్యాండ్: ఏది ఎక్కాలి, ఎంత నడవాలి, ఎక్కడ దిగాలి

కాలిఫోర్నియాలో ఉన్న కొడుకు దగ్గరికో కూతురి దగ్గరికో వెళ్లే తిరుపతి, చిత్తూరు పెద్దవాళ్లను ఏదో ఒక వారాంతంలో డిస్నీల్యాండ్‌కు తీసుకెళ్లడం ఇప్పుడు ఆనవాయితీ అయిపోయింది. ఎక్కువమంది ఇళ్లలో జరిగే పొరపాటు ఒకటే. పేరున్న రైడ్లన్నీ జాబితా రాసుకుని పొద్దున్నే బయలుదేరతారు, మధ్యాహ్నానికి అవ్వకు మోకాళ్లు పట్టేస్తాయి, తాత ఎక్కడ నీడ దొరికితే అక్కడ కూలబడతాడు. పెద్దవాళ్లను అలసట పెట్టేది రైడ్లు కావు, నడక, క్యూ. రైడ్ ఎంత పేరున్నదో పక్కనపెట్టి, దాని క్యూలో ఎంతసేపు నిలబడాలి, ఎక్కడం దిగడం ఎలా ఉంటుంది అన్న లెక్కతో రోజును అల్లుకుంటే అరవై అయిదేళ్లవాళ్లు కూడా రాత్రి బాణసంచా దాకా హాయిగా ఉండగలరు.

ముందు దూరాల సంగతి. పార్కు ఉన్నది ఏనహైమ్‌లో. లాస్ ఏంజిలెస్ పెద్ద విమానాశ్రయం నుంచి సుమారు 55 కిలోమీటర్లు, శాంటా ఆనాలోని జాన్ వేన్ విమానాశ్రయం నుంచి 22 కిలోమీటర్ల వరకు. అక్కడ ఉన్నవి రెండు పార్కులు, గేట్లు ఎదురెదురుగా ఉంటాయి. 1955 జూలై 17న తెరిచిన పాతది డిస్నీల్యాండ్ పార్కు. 2001లో వచ్చింది కాలిఫోర్నియా అడ్వెంచర్. ఒకే రోజులో రెండూ తిరిగే టికెట్ దొరుకుతుంది గానీ పెద్దవాళ్లు వెంట ఉంటే ఆ డబ్బు దండగ. ఒక్క రోజే ఉంటే పాత పార్కే ఎంచుకోండి. కూర్చుని చూసేవి, పడవలు, రైలు అన్నీ అందులోనే ఎక్కువ. టికెట్ ధర రోజును బట్టి మారుతుంది, మూడేళ్లలోపు పిల్లలకు టికెట్ లేదు, పదేళ్లు నిండితే పెద్దల ధరే. టికెట్‌తో పాటు ఆ రోజుకు ప్రవేశ రిజర్వేషన్ కూడా కావాలేమో కొనేటప్పుడే చూసుకోండి.

రోజంతా తిరిగితే 12 నుంచి 15 కిలోమీటర్లు నడవడం అక్కడ మామూలు. అలిపిరి మెట్లదారి మొత్తం తొమ్మిది కిలోమీటర్లే అని గుర్తు చేసుకుంటే ఆ నడక ఎంతో తెలుస్తుంది. మెట్లు లేవు, నేల చదును, కానీ అంతా గట్టి కాంక్రీటు. చెప్పులు వద్దు. ఇంటి దగ్గర కనీసం రెండు వారాలు వేసుకుని అలవాటైన బూట్లు కావాలి. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లకు ప్రవేశం దగ్గరే వీల్‌చెయిర్ అద్దెకు దొరుకుతుంది. నడవలేనివాళ్లకే అది అని మొహమాటపడి చాలామంది మధ్యాహ్నం దాకా తీసుకోరు. అప్పటికి కాళ్ల సత్తువ అయిపోయి ఉంటుంది. పొద్దున్నే తీసుకోండి. అయితే వీల్‌చెయిర్ ఉంటే క్యూ తప్పుతుందన్న మాట నిజం కాదు. వీల్‌చెయిర్ పట్టే క్యూ అయితే అందులోనే వెళ్లాలి. క్యూ దారి ఇరుకుగా ఉన్న పాత రైడ్ల దగ్గర మాత్రం తిరిగి రావాల్సిన సమయం ఇచ్చి వేరే దారిలో పంపుతారు.

విమానం దిగిన వెంటనే పార్కు పెట్టుకోవద్దు. వేసవిలో మనకూ వాళ్లకూ పన్నెండున్నర గంటల తేడా, చలికాలంలో పదమూడున్నర. మొదటి మూడు నాలుగు రోజులు పెద్దవాళ్లకు తెల్లవారుజామున రెండింటికే మెలకువ వస్తుంది, సాయంత్రం నాలుగింటికి కళ్లు మూతలు పడతాయి. వారం గడిచాక వెళితే పొద్దున్నే లేచే అలవాటు ఇంకా కాస్త మిగిలి ఉంటుంది, అది లాభమే. క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం దాకా, నవంబరు చివర థాంక్స్‌గివింగ్ వారం, మార్చి ఏప్రిల్ బడి సెలవులు ఈ మూడూ వదిలేయండి. సెప్టెంబరు మొదటి సోమవారం సెలవు దాటాక, జనవరి రెండో సగం బాగుంటాయి. సెప్టెంబరులో ఎండ గట్టిగానే ఉంటుంది, మనకు లెక్క కాదు. రాత్రి చలి మాత్రం మన ప్రాంతంవాళ్లకు తెలియకుండా పట్టుకుంటుంది. వేసవిలో కూడా ఒక స్వెట్టర్ సంచిలో ఉండాలి.

ఇక క్యూ. తిరుపతివాళ్లకు ఇది చెప్పాల్సిన పని లేదనిపిస్తుంది, నిజానికి సగం మనకు తెలిసిందే. మామూలు వరుస సర్వదర్శనం లాంటిది. లైట్నింగ్ లేన్ మల్టీ పాస్ అనేది 300 రూపాయల దర్శనం లాంటిది. అదనంగా డబ్బు కట్టి, ఫోన్ యాప్‌లో ఒక్కో రైడ్‌కు గంట వ్యవధి ఉన్న సమయం తీసుకుని వేరే దారిలో వెళతారు. తేడాలు రెండున్నాయి. ఒకటి, నెలల ముందు సమయాలు తీసుకోవడం కుదరదు. పాస్ ముందే కొన్నా సమయం ఎంచుకునేది ఆ రోజు గేటు దాటి లోపలికి వెళ్లాకే. ఒకటి వాడుకున్నాకో, లేదా తీసుకుని రెండు గంటలు గడిచాకో మరొకటి తీసుకోవచ్చు. అందుకే గేటు దాటగానే ఫొటోల కోసం ఆగకుండా మొదటి సమయం బుక్ చేసేయాలి. రెండోది పెద్దవాళ్లకు ముఖ్యం. వైకుంఠం కాంప్లెక్స్ కంపార్ట్‌మెంటులో అయితే కూర్చోవచ్చు, పాలో ఉప్మానో అందుతుంది. ఇక్కడ వరుస నెమ్మదిగా కదులుతూనే ఉంటుంది, కూర్చునే చోటు ఉండదు. గంట క్యూ అంటే గంటసేపు నిలబడటమే. బోర్డు మీద 40 నిమిషాలు దాటి కనిపిస్తే పెద్దవాళ్లను ఆ వరుసలో పెట్టొద్దు.

ఇంటిల్లిపాది టికెట్లూ ఒకే ఫోన్‌లో కలిపి పెట్టుకుంటే ఒకరే అందరికీ సమయాలు తీసుకోవచ్చు. ఆ ఫోన్ మధ్యాహ్నానికి చచ్చిపోతుంది, పవర్ బ్యాంక్ తప్పనిసరి. మీ సమయంలో రైడ్ పాడై ఆగిపోతే కంగారు పడకండి. ఆ పాస్ యాప్‌లో దానంతట అదే మారి, తర్వాత అదే రైడ్‌కు గానీ, అందులో చూపించే మరికొన్నింటిలో ఒకదానికి గానీ పనికొస్తుంది.

పార్కు పటం చక్రం లాంటిది. గేటు నుంచి మెయిన్ స్ట్రీట్ అనే పాతకాలపు బజారు వీధి, దాని చివర కోట, ఆ కోట ముందు నుంచి ఆకుల్లా నాలుగు వైపులా విడివిడి లోకాలు. కోట ఎత్తు 77 అడుగులే. పై అంతస్తులు చిన్నవిగా కట్టి ఎత్తు ఎక్కువ అనిపించేలా చేశారు. మొత్తం పార్కు చుట్టూ ఆవిరి రైలు తిరుగుతుంది. పెద్దవాళ్లతో వెళితే మొదట చేయాల్సిన పని ఈ రైలెక్కడం. నాలుగు స్టేషన్లు, ఒక చుట్టు సుమారు ఇరవై నిమిషాలు. ఏది ఎక్కడుందో కూర్చునే తెలుస్తుంది. రోజులో తర్వాత కూడా ఒక మూల నుంచి మరో మూలకు నడక తప్పించేది ఇదే.

ఆ లోకాల్లో న్యూ ఓర్లియన్స్ స్క్వేర్ పెద్దవాళ్ల సొంత చోటు అనవచ్చు. పైరేట్స్ ఆఫ్ ది కరీబియన్ 1967లో వచ్చింది. పావుగంట పడవ ప్రయాణం, చీకట్లో సముద్రపు దొంగల ఊరు. ఎత్తు నిబంధన లేదు. ఒక్కో పడవలో దాదాపు ఇరవై మంది పడతారు కాబట్టి వరుస పొడవుగా కనిపించినా గబగబా కదులుతుంది. మొదట్లో చీకట్లో రెండు చిన్న జారుళ్లు ఉంటాయి, అవ్వకు ముందే చెప్పండి. ఆ జారుళ్లు ఊరికే భయపెట్టడానికి పెట్టినవి కావు. రైడ్ అసలు భవనం రైలు కట్ట అవతల ఉంది, పడవను పట్టాల కింది నుంచి అటు తీసుకెళ్లాలి. పక్కనే ఉన్న హాంటెడ్ మాన్షన్ (1969)లో కూడా ఇదే పని మరో రకంగా చేశారు. గోడలు సాగుతున్నట్టు కనిపించే గది నిజానికి కిందికి దిగే లిఫ్టు. తర్వాత కూర్చునే బండ్లు ఆగకుండా కదులుతూ వస్తాయి. ఎక్కేచోట నేల కూడా కదులుతుంది. కాళ్లు తడబడేవాళ్లు ముందే సిబ్బందికి చెబితే దాన్ని నెమ్మది చేస్తారు, అవసరమైతే ఆపుతారు. చెప్పకపోతే ఆపరు. పడిపోయే ప్రమాదం ఉన్నది అక్కడే.

పక్కనున్న అడ్వెంచర్‌లాండ్‌లో జంగిల్ క్రూజ్ పడవ పిల్లలకు బాగుంటుంది. నడిపేవాళ్లు వేగంగా ఇంగ్లీషులో విసిరే చమత్కారాలే దాని ప్రాణం, అవి అందకపోతే పెద్దవాళ్లకు చప్పగా అనిపించవచ్చు. టికీ రూమ్ (1963) మాత్రం చల్లని గదిలో కూర్చుని చూసే బొమ్మపక్షుల కచేరీ. యంత్రంతో పాడి ఆడే బొమ్మలను డిస్నీవాళ్లు మొదట పెట్టింది ఇక్కడే. బయట దొరికే అనాసపండు ఐస్‌క్రీమ్, డోల్ విప్, పాలు గుడ్లు లేనిది. ఇండియానా జోన్స్ రైడ్‌కు పెద్దవాళ్లను తీసుకెళ్లొద్దు. జీపు కుదుపుల సంగతి తర్వాత, దాని క్యూ దారే గుహల్లో చాలా దూరం నడిపిస్తుంది.

ఫాంటసీలాండ్‌లో ఇట్స్ ఎ స్మాల్ వరల్డ్ (1966) పడవ అందరికీ సరిపోతుంది. పీటర్ పాన్ రైడ్ ముచ్చటగా ఉంటుంది గానీ ఒక్కో ఓడలో ఇద్దరు ముగ్గురే పడతారు. అందుకే రోజంతా దాని వరుస నత్తనడకే. తెరిచిన మొదటి అరగంటలో వెళితే సరి, లేకపోతే వదిలేయండి. మాటర్‌హార్న్ (1959) ఉక్కు గొట్టాల పట్టాల మీద నడిచిన మొట్టమొదటి రోలర్ కోస్టర్. చరిత్ర గొప్పదే. కూర్చునే చోటు మాత్రం నేలకు దగ్గరగా, కాళ్లు చాపుకుని దిగబడేలా ఉంటుంది. నడుం నొప్పి ఉన్నవాళ్లు అందులోంచి లేవలేరు.

మిగతావి పిల్లల ఎత్తును బట్టి. ఇంటి దగ్గరే బూట్లు వేసి కొలవండి. స్మగ్లర్స్ రన్‌కు 97 సెంటీమీటర్లు. స్పేస్ మౌంటెన్, బిగ్ థండర్, స్టార్ టూర్స్, రైజ్ ఆఫ్ ది రెసిస్టెన్స్, 2024లో తెరిచిన టియానాస్ బయూ అడ్వెంచర్‌లకు 102. మాటర్‌హార్న్‌కు 107, ఇండియానా జోన్స్‌కు 117. ఒక్క సెంటీమీటరు తక్కువైనా ఒప్పుకోరు, బతిమాలి లాభం లేదు. చిన్నబిడ్డ ఉంటే రైడర్ స్విచ్ అడగండి. తల్లి పెద్దపిల్లతో ఎక్కి వచ్చేదాకా తండ్రి బిడ్డతో బయట ఉంటాడు, తర్వాత మళ్లీ పెద్ద క్యూ లేకుండా అతన్ని పంపుతారు. రైజ్ ఆఫ్ ది రెసిస్టెన్స్ మల్టీ పాస్‌లో కలవదు, విడిగా కొనాలి. అది తరచూ ఆగిపోయే రైడ్ కూడా. పొద్దున్నే దాని మీదే ఆశ పెట్టుకుని రోజు పాడుచేసుకోవద్దు. స్టార్ టూర్స్ తల తిప్పే రకం, ఘాట్ రోడ్డులో వాంతి వచ్చేవాళ్లు దూరంగా ఉండండి.

తిండి గురించి మంచి మాట ఒకటుంది. బయటి నుంచి తిండి తీసుకెళ్లనిస్తారు. గాజు సీసాలు, మద్యం, విడి ఐసుగడ్డలు మాత్రం వద్దు. పులిహోర, చపాతీ, దద్దోజనం డబ్బాలు నిశ్చింతగా పట్టుకెళ్లండి. నీళ్లు కౌంటర్లలో అడిగితే ఉచితంగా ఇస్తారు. శాకాహారులు కొనేటప్పుడు ఒక్క మాట అడిగి తీరాలి. మాంసం ముక్క కనిపించకపోయినా అన్నం, సూపు కోడి రసంలో ఉడికి ఉండొచ్చు. మార్ష్‌మాలో మిఠాయిలో జెలటిన్ ఉంటుంది. అక్కడ వెజిటేరియన్ అంటే గుడ్డు కలుస్తుంది. ఇన్సులిన్ వాడేవాళ్లకు మెయిన్ స్ట్రీట్ చివర ఫస్ట్ ఎయిడ్ కేంద్రం ఉంది, మందు చల్లగా దాచిపెడతారు.

బస విషయంలో హార్బర్ బులెవార్డ్ మీద గేటుకు నడిచి వెళ్లగల హోటళ్లే పెద్దవాళ్లకు మేలు. మధ్యాహ్నం రెండింటికి గదికి వచ్చి పడుకుని, అయిదున్నరకు మళ్లీ వెళ్లవచ్చు. ఈ ఒక్క సౌకర్యం ఏ ఖరీదైన పాస్ కన్నా విలువైనది. "పార్కుకు దగ్గర" అన్న ప్రకటన నమ్మకుండా గేటు దాకా నడక ఎన్ని నిమిషాలో పటంలో చూడండి. ఫ్రిజ్, మైక్రోవేవ్ ఉన్న గది అడగండి. రాత్రికి కారు పార్కింగ్, రిసార్ట్ ఫీజు వేరే వేస్తారేమో ముందే కనుక్కోండి. డిస్నీ సొంత హోటళ్లలో గ్రాండ్ కాలిఫోర్నియన్ నుంచి రెండో పార్కులోకి నేరుగా దారి ఉంది, కానీ ధర చాలా ఎక్కువ. వంటగది ఉన్న అద్దె ఇల్లు పదిమంది కుటుంబానికి చవక, అయితే మధ్యాహ్నపు నిద్ర పోయినట్టే. బియ్యం, పప్పు, పెరుగు కావాలంటే ఆర్టీసియాలోని పయనీర్ బులెవార్డ్ మీద మనవాళ్ల అంగళ్లున్నాయి, కారులో దగ్గరే.

రాత్రి బాణసంచా గాలి ఎక్కువుంటే రద్దవుతుంది, దానికోసమే పెద్దవాళ్లను గంట ముందు నుంచి నేల మీద కూర్చోబెట్టొద్దు. స్మాల్ వరల్డ్ ముందున్న ఖాళీ చోటు నుంచి కూడా చక్కగా కనిపిస్తుంది, కోట ముందున్నంత తొక్కిసలాట ఉండదు. అయిపోగానే జనంతో కలిసి గేటు వైపు పరుగెత్తొద్దు. పార్కు మూసాక కూడా మెయిన్ స్ట్రీట్ అంగళ్లు కాసేపు తెరిచే ఉంటాయి, అరగంట బెంచీ మీద కూర్చుంటే దారి ఖాళీ అవుతుంది.

మరునాడు కాలబాసస్‌లోని మలిబూ వెంకటేశ్వరస్వామి గుడి అనుకునేవాళ్లు చాలామంది. ఏనహైమ్ నుంచి దాదాపు వంద కిలోమీటర్లు, లాస్ ఏంజిలెస్ ట్రాఫిక్ దాటుకుని పోవాలి, రెండు గంటలు పట్టవచ్చు. మధ్యలో ఒక రోజు వదిలి పెట్టుకోండి.