మూడేళ్లలో మూడు వైర్‌లెస్ ఛార్జర్లు: వాడాక తెలిసిన సంగతులు

నేను వైర్‌లెస్ ఛార్జింగ్ వైపు వచ్చింది సరదాకి కాదు. పాత ఫోన్‌లో ఛార్జింగ్ పోర్టు లూజైపోయింది. కేబుల్ పెట్టి, కొంచెం పక్కకి వంచి, కింద పుస్తకం ఎత్తు పెడితే గానీ ఛార్జ్ ఎక్కేది కాదు. ఫోన్ వెనక గాజే ఉంది, వైర్‌లెస్ ఛార్జింగ్ ఉందని డబ్బా మీద కూడా రాశారు. సరే అని, పోర్టు బాగు చేయించే బదులు ఒక గుండ్రటి ప్యాడ్ కొన్నాను. అప్పటి నుంచి మూడేళ్లలో మూడు ఛార్జర్లు మార్చాను. మొదటిదాన్ని తిట్టుకుంటూ వాడాను. రెండోదానితో సర్దుకుపోయాను. మూడోదాని సంగతి ఇప్పుడు అసలు గుర్తే రాదు, ఛార్జర్ అంటే అలాగే ఉండాలి.

మొదటి వారంలోనే దెబ్బ తగిలింది. రాత్రి ప్యాడ్ మీద ఫోన్ పెట్టి పడుకున్నాను, లైటు వెలిగింది, నిశ్చింతగా నిద్రపోయాను. పొద్దున చూస్తే 11 శాతం. ఛార్జర్ పాడైందనుకున్నాను. రెండు రోజులు గమనిస్తే అసలు దొంగ దొరికాడు: వైబ్రేషన్. మెసేజ్ వచ్చినప్పుడల్లా ఫోన్ వణుకుతూ, నున్నటి ప్యాడ్ మీద రవ్వంత రవ్వంత జరిగిపోతోంది. తెల్లారేసరికి వేలెడు దూరం పోయింది. అంత చిన్న జరుగుడుకి ఛార్జింగ్ ఎందుకు ఆగిపోవాలి అని లోపల ఏం జరుగుతుందో చదవడం మొదలుపెట్టాను.

ప్యాడ్ లోపల ఉండేది పల్చగా చుట్టిన రాగి తీగ. అడాప్టర్ నుంచి వచ్చిన డీసీ కరెంటును ప్యాడ్‌లోని సర్క్యూట్ ఏసీగా మారుస్తుంది, సెకనుకు లక్ష సార్లకు పైగా దిశ మారే ఏసీ. దానితో తీగచుట్ట చుట్టూ అయస్కాంత క్షేత్రం అంతే వేగంగా మారుతూ ఉంటుంది. ఫోన్ వెనక గాజు కింద ఇంకో తీగచుట్ట ఉంటుంది. ఈ మారే క్షేత్రం దానిగుండా వెళ్తే దాంట్లో కరెంటు పుడుతుంది. మైకేల్ ఫారడే 1831లో కనిపెట్టిన విషయమే, బళ్లో మనం చదివిన విద్యుదయస్కాంత ప్రేరణే. ఆ కరెంటును ఫోన్ మళ్లీ డీసీ చేసుకుని బ్యాటరీకి పంపుతుంది. ఒక ట్రాన్స్‌ఫార్మర్‌ని రెండుగా కోసి, సగం ప్యాడ్‌లో, సగం ఫోన్‌లో పెట్టారనుకోండి. ఆ రెండు ముక్కలూ ఎదురెదురుగా, కొన్ని మిల్లీమీటర్ల దూరంలో ఉంటేనే పని సరిగ్గా జరుగుతుంది.

నాకు బాగా నచ్చింది, ఆ రెండూ మాట్లాడుకునే తీరు. ప్యాడ్ ఊరికే కరెంటు కుమ్మరించదు. ఫోన్ తను లాగే లోడును చిటికెలో పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది. ఆ తేడా ప్యాడ్ తీగచుట్టలో కనిపిస్తుంది. ఆ సంకేతాలతోనే “ఇంకొంచెం పెంచు”, “తగ్గించు”, “ఇక చాలు” అని సెకనులో పలుమార్లు చెబుతుంది. ఫోన్ పక్కకి జరిగితే “ఇంకా పెంచు” అంటూనే ఉంటుంది. ప్యాడ్ పెంచుతూనే ఉంటుంది. అందులో చాలా భాగం బ్యాటరీకి చేరకుండా వేడిగా పోతుంది. మరీ జరిగితే మాట కూడా అందక ఛార్జింగ్ ఆగిపోతుంది. నా 11 శాతం కథ అదే.

ఈ పద్ధతికి ఒక ప్రమాణం ఉంది. 2008లో ఏర్పడిన వైర్‌లెస్ పవర్ కన్సార్షియం అనే కంపెనీల కూటమి తయారుచేసింది. పేరు క్యూఐ (Qi) అని రాస్తారు గానీ “చీ” అని పలకాలట, చైనా భాషలో ప్రాణశక్తి అని అర్థం. తెలుగువాళ్లకి ఈ పేరు ఎవరు పెట్టమన్నారో! మొదటి ప్యాడ్‌తో ఉన్నన్నాళ్లూ నేను మాత్రం సరిగ్గానే పలికాను.

చాలా నెలలు నేనే చేసిన తప్పు ఒకటి చెప్పాలి. ప్యాడ్‌తో అడాప్టర్ రాలేదు. సొరుగులో పడి ఉన్న పాత 5 వోల్టులు, 1 ఆంపియర్ అడాప్టర్ తగిలించాను. అంటే లోపలికి పోయేదే 5 వాట్లు, దారిలో పోగా ఫోన్‌కి అందేది ఇంకా తక్కువ. డబ్బా మీద మాత్రం 15 వాట్లని పెద్ద అక్షరాలు. రాత్రంతా పెట్టినా నిండట్లేదని ప్యాడ్‌ని తిట్టాను. పీడీ (పవర్ డెలివరీ అనే వేగంగా ఛార్జ్ చేసే పద్ధతి) ఉన్న 20 వాట్ల అడాప్టర్ పెట్టగానే అదే ప్యాడ్ మీద అదే ఫోన్ మూడు గంటల్లో నిండింది. కొత్త ఛార్జర్ కొనేముందు మీ అడాప్టర్ మీద సన్నగా రాసిన అంకెలు చదవండి. అక్కడ 9 వోల్టుల వరుస లేకపోతే ఎంత మంచి ప్యాడ్ కొన్నా నత్తనడకే.

వాట్ల గురించి ఇంకో మాట. డబ్బా మీది అంకె ఛార్జర్ ఇవ్వగలిగింది, మీ ఫోన్ తీసుకునేది వేరు. మామూలు క్యూఐలో 5 వాట్ల రకం, 15 వాట్ల దాకా వెళ్లే రకం రెండూ ఉన్నాయి. చాలా ఐఫోన్లు మామూలు క్యూఐ ప్యాడ్ మీద 7.5 వాట్ల దగ్గరే ఆగేవి. కొన్ని కంపెనీలు 50 వాట్లు అంటాయి, అది వాళ్ల సొంత ఛార్జర్ మీద, లోపల ఫ్యాన్ తిరుగుతుంటే. ఇంకొకరి ప్యాడ్ మీద పెడితే ఆ వేగం రాదు.

రెండోది స్టాండ్. దాంట్లో ఒకదానిపైన ఒకటి రెండు తీగచుట్టలు ఉంటాయి కాబట్టి ఫోన్ నిలువుగా పెట్టినా అడ్డంగా పెట్టినా ఛార్జ్ అవుతుంది. బల్ల మీద పెట్టుకుని పని చేసుకునేవాళ్లకి హాయి. ఫోన్ జారదు, టైమ్ కనిపిస్తుంది. కానీ పడకగదిలో రెండు తలనొప్పులు. ఒకటి నీలం లైటు, నల్ల టేపు అంటించాను. రెండోది సన్నగా గీపెట్టే ఫ్యాన్, దానికి టేపు పనిచేయదు. ఇయర్‌బడ్స్ డబ్బా దాని మీద నిలబడదని కొన్నాక గానీ తట్టలేదు.

మూడోది అయస్కాంతం ఉన్నది, క్యూఐ2. తీగచుట్ట చుట్టూ అయస్కాంతాల వలయం ఉంటుంది, ఫోన్‌ని దగ్గరికి తేగానే టక్కున సరైన చోట అతుక్కుంటుంది. యాపిల్ 2020లో ఐఫోన్ 12తో మ్యాగ్‌సేఫ్ పేరుతో తెచ్చిన ఏర్పాటును ఆధారం చేసుకుని, 2023లో అందరికీ పనికొచ్చే ప్రమాణంగా దీన్ని ప్రకటించారు. మొదట 15 వాట్లు, 2025లో 25 వాట్లు కూడా వచ్చాయి. నా దృష్టిలో వేగం కంటే ఆ అతుక్కోవడమే ముఖ్యం. వణికినా జరగదు, చీకట్లో తడుముకోనక్కర్లేదు, ఫోన్ కూడా మొదటి ప్యాడ్ మీదంత వేడెక్కట్లేదు. చిన్న ఇబ్బంది ఒకటుంది: ఒంటి చేత్తో ఫోన్ తీస్తే బిళ్లలాంటి ఛార్జర్ కూడా వెంట వచ్చేస్తుంది. బరువైన అడుగు ఉన్నది కొనాల్సింది.

చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో అయస్కాంతాలు ఉండవు. “క్యూఐ2 రెడీ” అంటే అయస్కాంతం ఉన్న కవర్ మీరే కొనుక్కోవాలని అర్థం. ఛార్జర్ మీద ఉత్త “మ్యాగ్నెటిక్” అని ఉంటే అది అతుక్కుంటుందన్న హామీ మాత్రమే, వేగానికి కాదు. క్యూఐ2 గుర్తు చూడండి. కన్సార్షియం వెబ్‌సైట్‌లో ధ్రువీకరణ పొందిన వస్తువుల జాబితా ఉంది, మోడల్ పేరు కొట్టి చూసుకోవచ్చు.

ధ్రువీకరణ ఎందుకంటారా? ఒకసారి చూసుకోకుండా ప్యాడ్ మీద నాణెం ఉండగా ఫోన్ పెట్టేశాను. లైటు టపటపా కొట్టుకుని ఛార్జింగ్ ఆగింది. ఇండక్షన్ స్టవ్ గిన్నెని వేడి చేసే సూత్రమే ఇక్కడ నాణేన్ని వేడి చేస్తుంది. మంచి ఛార్జర్ తను పంపిన కరెంటుకీ ఫోన్ అందుకున్నదానికీ తేడా చూసుకుని, మధ్యలో ఏదో తినేస్తోందని పసిగట్టి ఆపేస్తుంది. కవర్ వెనక లోహపు రింగు, కవర్ లోపల కార్డులు కూడా తీసేయాలి. నా కవర్‌లోని యాక్సెస్ కార్డు ఒకటి పనిచేయడం మానేసింది, కారణం ఇదేనని నా అనుమానం.

ఇక అందరూ అడిగే బ్యాటరీ సంగతి. లిథియం బ్యాటరీకి వేడి పడదు, వైర్‌లెస్‌లో వైరు కంటే వేడి ఎక్కువ, అది కాదనలేం. ఫోన్ తనే వేగం తగ్గించుకుని కొంత కాపాడుకుంటుంది. నేను మందపాటి కవర్ మానేశాను, 80 శాతం దగ్గర ఆగేలా సెట్టింగ్ పెట్టాను, దిండు పక్కన ఎప్పుడూ పెట్టను. ఇప్పటి ఫోన్ పద్నాలుగు నెలల తర్వాత 93 శాతం బ్యాటరీ హెల్త్ చూపిస్తోంది. వైరుతో అయితే 95 ఉండేదేమో, ఆ రెండు శాతం కోసం నేను వెనక్కి వెళ్లను. తొందరగా బయటికి వెళ్లాల్సినప్పుడు మాత్రం కేబులే, ఇరవై నిమిషాల్లో వైరు ఇచ్చేది ఇది ఇవ్వలేదు.

మొదటి ప్యాడ్‌ని పారేయలేదు. అదే పాత 5 వాట్ల అడాప్టర్‌తో ఇప్పుడు ఇయర్‌బడ్స్ డబ్బాని ఛార్జ్ చేస్తోంది. దానికి మెసేజ్‌లు రావు కాబట్టి ఎక్కడికీ జరగట్లేదు.