జీడిపప్పంత మిగ్-21కి బ్రష్‌తో రంగులు: ఏడేళ్లు వాడాక నా రివ్యూ

మాది వైజాగ్. బీచ్ రోడ్డులో కుర్సురా సబ్‌మెరైన్‌కి ఎదురుగా టీయూ-142 మ్యూజియం ఉంది కదా, 2017 డిసెంబర్‌లో ఓపెన్ చేశారు, నేవీలో 29 ఏళ్లు తిరిగిన విమానం. దాని కింద నిలబడి పైకి చూసిన రోజే నాకీ చిన్న బొమ్మ విమానాలకి రంగులు వేసే ఇష్టం మొదలైంది. రెక్క ఈ కొస నుంచి ఆ కొసకి 50 మీటర్లు, అదే 1/600 స్కేల్లో, అంటే అసలు దాంట్లో ఆరువందలో వంతు సైజు బొమ్మలో అయితే ఎనిమిది సెంటీమీటర్ల పైచిలుకు, అరచేతిలో పట్టేస్తుంది. మిగ్-21 యుద్ధవిమానం అయితే మరీను, ముక్కు నుంచి తోక దాకా రెండున్నర సెంటీమీటర్లు, పలాస జీడిపప్పంత.

2018 నుంచి ఇప్పటిదాకా నేను వాడింది రెండే: వాలెహో మోడల్ కలర్ అనే నీళ్లతో కలిసే రంగుల డ్రాపర్ సీసాలు, విన్సర్ అండ్ న్యూటన్ సిరీస్ 7 బ్రష్. గాలితో రంగు చిమ్మే ఎయిర్‌బ్రష్ లేదు.

ముందు బ్రష్ గురించి చెప్పాలి, ఎందుకంటే కొత్తవాళ్లందరూ ఇక్కడే డబ్బు పోగొట్టుకుంటారు. బొమ్మ చిన్నది కదా అని అన్నిటికంటే సన్నంది, 000 లాంటి సున్నాల సైజుది కొంటారు, నేనూ కొన్నాను, నాలుగు వెంట్రుకలుంటాయి, రంగు ముంచి బొమ్మ దగ్గరికి తెచ్చేలోపే కొస మీద ఎండిపోతుంది. కావాల్సింది సన్న బ్రష్ కాదండీ, సన్న కొస. సైజు 1 సేబుల్ (జంతువు వెంట్రుకల) బ్రష్‌కి పొట్టలో రంగు నిలుస్తుంది, కొస మాత్రం సూదిలా ఉంటుంది, ఒక్కసారి ముంచితే రెండు రెక్కలూ అయిపోతాయి. ధర ఎక్కువే, మంచి చెప్పుల జత వచ్చేస్తుంది ఆ డబ్బుకి. కానీ నాది నాలుగేళ్లుగా ఒకటే. పని అయ్యాక ఒంటి సబ్బు మీద మెల్లగా రుద్ది కడిగి, వేళ్లతో కొస తీర్చి పడుకోబెడతాను, గ్లాసులో తలకిందులుగా మాత్రం ఎప్పుడూ వదలను.

రంగు సీసాలోంచి తీసింది తీసినట్టు పూస్తే ఈ సైజులో విమానం మీద దుప్పటి కప్పినట్టే, గీతలన్నీ పూడిపోతాయి. పాల చిక్కదనానికి నీళ్లు కలిపి రెండు మూడు పలచటి కోట్లు వేయాలి, ఒక కోటు పూర్తిగా ఆరకముందే మళ్లీ బ్రష్ తగిలిందంటే కింద రంగు పొరలా లేచిపోతుంది, కనీసం ఇరవై నిమిషాలు ఆగుతాను నేను. స్వీట్ బాక్స్ మూతలో తడి స్పాంజి, దాని మీద బటర్ పేపర్, ఇదే నా వెట్ పాలెట్, కలిపిన రంగు మర్నాటి దాకా తడిగానే ఉంటుంది. మే నెలలో కూడా రంగు వేసేటప్పుడు ఫ్యాన్ ఆపేయాల్సిందే, గాలికి బ్రష్ మీదే ఆరిపోతుంది. అందుకే తెల్లవారుజామున ఐదింటికి కూర్చుంటాను, చల్లగా ఉంటుంది, కాసేపటికి వెలుతురు కూడా కిటికీలోంచి బాగా వస్తుంది.

ఇక షేడ్ సంగతి. అసలు విమానం రంగు అచ్చంగా అదే తెచ్చి పూస్తే ఈ సైజులో నల్లగా, బరువుగా కనిపిస్తుంది. బూడిద రంగు మూడు చుక్కలకి తెలుపు ఒక చుక్క కలపడం నాకు కుదిరిన లెక్క. ప్యానెల్ లైన్ల మీద, అంటే విమానం రేకుల అతుకుల గీతల మీద, ఇంకో గొడవ ఉంది. వెంట్రుకంత సన్నగా గీసినా 1/600లో అది అసలు విమానం మీద నాలుగు సెంటీమీటర్ల గాడితో సమానం, లెక్క ప్రకారం అసలు గీయకూడదు. కానీ గీయకపోతే బొమ్మ సబ్బు ముక్కలా ఉంటుంది, కంటికి ఆనదు. నేను ఫ్లాప్‌లు, చుక్కాని ఉండే గీతల వరకే ముదురు గోధుమ రంగు బాగా పలచగా పారిస్తాను, మిగతావి వదిలేస్తాను. ఈ విషయంలో లెక్క కన్నా కంటినే నమ్మమంటాను.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని రౌండెల్, అదే విమానం మీద ఉండే గుండ్రటి గుర్తు. మన ఎయిర్‌ఫోర్స్‌ది బయట కాషాయం, మధ్యలో తెలుపు, లోపల ఆకుపచ్చ. ఇంత చిన్న డెకాల్ (స్టిక్కర్ లాంటిది) అంటించడం కష్టం, చీపురు పుల్ల కొస చెక్కి ముగ్గు చుక్క పెట్టినట్టు ముందు కాషాయం చుక్క, ఆరాక దానిలో చిన్న తెల్ల చుక్క, దానిలో ఇంకా చిన్న పచ్చ చుక్క. ఊపిరి బిగబట్టకండి, వదులుతూ పెట్టండి, చెయ్యి అప్పుడే కదలదు. కానపీకి, అంటే పైలట్ మీది అద్దపు మూతకి, నల్లటి నీలం పూసి, కింది భాగంలో లేత నీలం, పైన ఒక మూల తెల్ల చుక్క పెడితే చాలు, అద్దంలా మెరుస్తుంది.

ఇబ్బందులు లేవని కాదు. తెలుపు, పసుపు ఏ కంపెనీవైనా ఒకటి రెండు కోట్లకి కప్పవు, నేవీ జెట్ సీ హారియర్ తెల్ల పొట్టకి నాకు ఐదు కోట్లు పట్టింది. స్ప్రే డబ్బా ప్రైమర్ (రంగుకి ముందు వేసే అడుగు పూత) మా ఊరి ఉక్కకి పనికిరాలేదు, వానాకాలంలో ఒకేసారి ఆరు విమానాల మీద ఇసుక చల్లినట్టు గరుకుగా తేలింది, రంగంతా తీసి మళ్లీ మొదలుపెట్టాను. అప్పట్నుంచి ప్రైమర్, మ్యాట్ వార్నిష్ రెండూ బ్రష్‌తోనే. పెద్ద 1/72 జెట్‌కి ఒకే రంగు నున్నగా రావాలంటే ఎయిర్‌బ్రష్ మేలు, ఒప్పుకుంటాను. మూడు సెంటీమీటర్ల విమానానికి మాత్రం మాస్కింగ్ టేపు కోయడానికి పట్టే టైములో బ్రష్‌తో మొత్తం అయిపోతుంది, నున్నగానే వస్తుంది.

1963లో వచ్చిన మిగ్-21కి 2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో వీడ్కోలు చెప్పారు కదా, ఆ వారమే నాలుగు వేశాను, రెండు మొదటి రోజుల వెండి రంగులో, రెండు తర్వాతి బూడిద రంగులో. ఇప్పుడు బల్ల మీద టీయూ-142 ఉంది. నాలుగు ఇంజన్లు, ఒక్కోదానికి ఎదురెదురుగా తిరిగే రెండు ప్రొపెల్లర్లు, మొత్తం 32 రెక్కలు. పదకొండు అయ్యాయి.