దుబాయ్‌లో బట్టలా? మాల్ వదిలేసి సత్వా వెళ్లండి

జనవరిలో దుబాయ్ వెళ్లొచ్చాం. బుర్జ్ ఖలీఫా, ఎడారి సఫారీ గురించి అందరూ రాస్తూనే ఉన్నారు, అవి బాగానే ఉన్నాయి. నేను రాసేది బట్టల గురించి, బట్టల షాపులు, టైలర్లు ఉండే సత్వా పేట గురించి. ఒక షాపులో జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతోంది.

మా వదిన వాళ్లు కరామాలో ఉంటారు. ఒక్క బెడ్‌రూమ్ ఇల్లు, పిల్లలతో ఇరుకని బర్ దుబాయ్‌లో హోటల్ తీసుకున్నాం. రోజుకి 220 దిర్హాములు. టూరిజం దిర్హామ్ అని కౌంటర్‌లో రోజుకి ఇంకో 10 కట్టించుకున్నారు. అది ప్రభుత్వం రుసుమే, హోటల్ స్థాయిని బట్టి 7 నుంచి 20 దాకా ఉంటుంది. గది శుభ్రంగా ఉంది.

ఇక ఆ షాపు సంగతి. మీనా బజార్‌లో రెండు జార్జెట్ సెట్లు, ఒక గౌను కొన్నాం. బిల్లు 1,260 దిర్హాములు, అందులో 5 శాతం వ్యాట్ 60. టూరిస్టులకి అందులో 85 శాతం, 4.80 రుసుము మినహాయించి వెనక్కిస్తారు. షాపతన్ని ముందే అడిగాను. "అలాగే మేడమ్" అని పాస్‌పోర్టు జిరాక్స్ తీసుకుని, బిల్లు మీద ముద్ర కొట్టి ఇచ్చాడు. ఎయిర్‌పోర్టులో చూపిస్తే సిస్టమ్‌లో నా పేరు మీద అసలు కొనుగోలే లేదన్నారు. రావలసిన 46.20 దిర్హాములు పోయాయి. "వెయ్యి రూపాయలకి ఇంత టెన్షన్ ఎందుకు, పద" అని మావారు విసుక్కున్నారు. డబ్బు ఎంతన్నది కాదు, మొహం మీద నవ్వుతూ మోసం చేశాడు. పాస్‌పోర్టు వివరాలతో కొనుగోలుని ట్యాక్స్ ఫ్రీ కింద సిస్టమ్‌లో నమోదు చేస్తేనే డబ్బు కట్టండి. 250 దిర్హాములకి తక్కువైతే ఈ వాపసు లేదు. సామాను చెక్-ఇన్ చేయకముందే చూపించాలి. అక్కడ ఉంటున్నవాళ్లకి వర్తించదు.

అందుకే వదిన, ఆవిడ స్నేహితురాళ్లు రేటు దగ్గర చాలా గట్టిగా ఉంటారు. "మాల్‌కి తిరగడానికి వెళ్తాం, కొనుక్కోవడానికి సత్వా వెళ్తాం" అంది వదిన. ఆఫీసుకి లినెన్ ప్యాంటు, పొడుగు షర్టు. ఉగాదికీ బతుకమ్మకీ పట్టుచీరలే, అవి మాత్రం సెలవులకి ఇండియా వచ్చినప్పుడు కొంటారు. ఆది జాకెట్టు ఇక్కడి టైలర్ దగ్గరే పెట్టి వెళ్తారు, మగ్గం వర్క్ చేయించి ఎవరో ఒకరితో పంపించుకుంటారు. కరామాలో లైనింగ్ జాకెట్టు కుట్టుకూలి 70 దిర్హాములు, అంటే 1,600 రూపాయలు మరి.

ఇప్పుడు వాళ్లలో నడుస్తున్నది అబాయా (అరబ్ ఆడవాళ్లు బట్టల మీద వేసుకునే పొడుగు వదులు గౌను) మోడల్ లాంగ్ కోటు. ముందు తెరిచి ఉంటుంది, జీన్స్ మీద వేస్తారు. వదిన వాళ్లమ్మగారి పాత ధర్మవరం చీరతో కుట్టించుకుంది. జరీ అంచు రెండు వైపులా మెడ నుంచి పాదాల దాకా దిగింది, పల్లూ మొత్తం వీపు మీదకి వచ్చింది. నేనూ ఒక పాత చీర తీసుకుని సత్వాలో అదే టైలర్ దగ్గరికి వెళ్లాను. పెద్దాయన, ఉర్దూలో మాట్లాడాడు. చీరని బల్ల మీద పరిచి, పీకిపోయిన చోట్లన్నీ సుద్దతో గుర్తు పెట్టుకుని, అవి కటింగ్‌లో పోయేలా చూశాడు. లోపలి కుట్లన్నిటికీ పైపింగ్ వేశాడు. 120 దిర్హాములు. మర్నాడు సాయంత్రం ఇస్తానన్నాడు, ఇచ్చాడు. ఆ పనితనానికి 200 అడిగినా ఇచ్చేదాన్ని.

టెక్స్‌టైల్ సూక్ (బట్టల బజారు) నాకు నచ్చలేదు. అడక్కుండానే మెడలో శాలువా వేసేస్తారు. 150 అన్నది రెండడుగులు వేసేసరికి 35కి దిగింది. అక్కడి నుంచి క్రీక్ అవతలి ఒడ్డున ఉన్న డేరా అనే పేటకి పడవ మాత్రం 1 దిర్హామే, తప్పక ఎక్కండి, పిల్లలు దిగనన్నారు.

సత్వాకి మెట్రో లేదు, కరామా నుంచి ట్యాక్సీకి 15 దిర్హాములైంది. దుబాయ్ వెళ్లగానే గుడ్డ టైలర్‌కి ఇచ్చేయండి, సరిచేయించుకోవడానికి టైముంటుంది. శుక్రవారం మధ్యాహ్నం నమాజు వేళ చాలా షాపులు మూసేస్తారు, సాయంత్రం వెళ్లండి.